చీనీకాయల తేట

మా ఆయన మాల వేసుకున్న రోజుల్లో మా ఇంటి అంత నెమ్మదైన ఇల్లు ఎర్రగుంట్లలో ఇంకొకటి ఉండేది కాదు. తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం, నల్ల పంచె, చాప మీద పడక. బీడీ లేదు, చుక్క లేదు, గట్టిగా ఒక మాట లేదు. నన్ను కూడా "మాతా" అని పిలిచేవాడు. "నీకేమమ్మా, దేవుడు సల్లగా చూస్తాండాడు" అనేవాళ్ళు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు. నాకు మాత్రం ఆ మండలం రోజులూ కాలు ఒక చోట నిలిచేది కాదు. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేదాన్ని. తోమిన చెంబే మళ్ళీ తోమేదాన్ని. నా భయమంతా మాల తీసే రోజు గురించే.

మా పక్క ఆ రోజు ఎట్లా గడుస్తుందో అందరికీ తెలిసిందే. కొండకు పోయివచ్చిన మగవాళ్ళు ఇంటికి రాగానే తల్లి చేత మాల తీయించుకుంటారు. కడుపునిండా తింటారు. పొద్దు వాలుతుండగా జతగాళ్ళందరూ ఒక బండి ఎక్కి ముద్దనూరు దోవలో ఉన్న ధాబాకు పోతారు. ఇన్నాళ్ళు నోరు కట్టుకున్నదంతా ఆ ఒక్క పూటలో తీరాలి. పోయేటప్పుడు బండి తిన్నగానే పోతుంది. భయం తిరిగి వచ్చేటప్పుడే. ఆ రోడ్డు నిండా సిమెంటు లారీలు, కరెంటు ఫ్యాక్టరీ బూడిద మోసే లారీలు. సగం వాటికి వెనక దీపం వెలగదు.

ఒక ఏడు అట్లా పోయి వస్తూనే మా జీపు వాగు మీది మోరీ గోడకు గుద్దుకుంది. తోలుతున్న మనిషి మా ఆయనకు చిన్ననాటి జతగాడు. అక్కడికక్కడే పోయాడు. పక్కన కూర్చున్న మా ఆయనకు బుజం ఎముక విరిగింది. పోయినాయన పెండ్లాం మా వీధిలోనే ఉండేది. ఆమె బోసి నుదురుతో కొళాయి దగ్గర బిందె పెట్టుకొని నిలబడితే, నా చేయి నాకు తెలియకుండానే నా మెడలో తాళి మీదికి పోయేది. మా ఆయన బుజం అతికింది. జీపుకు రేకులు కొట్టించి, రంగు వేయించి మళ్ళీ వాకిట్లో నిలబెట్టాడు. ఎండలు ముదరకముందే మళ్ళీ సాయంత్రాలు బయటికి పోవడం మొదలుపెట్టాడు.

తాగొద్దని నేను అనలేదు. అంతకు ముందు అనీ అనీ నా నోరు అరిగిపోయింది. "తాగేదేదో ఇంట్లో తాగబ్బా. బండెక్కి పోయేదెందుకు?" అన్నాను.

"ఇంట్లో తాగితే కషాయం తాగినట్టుంటాది మే" అన్నాడు. "ధాబాలో నాలుగు మాటలుంటాయి, నంజుకునేదానికి నాలుగు రకాలుంటాయి. నీ దగ్గర ఏముండాది? నీ మొగమూ, మాయమ్మ దగ్గూ."

ఆ మాట నన్ను పొడిచింది. సరే, ధాబాలో దొరకనిది ఏదో ఒకటి నా ఇంట్లో ఉండాలి అనుకున్నాను.

పల్లెలో నన్ను ఎరిగినవాళ్ళు ఇది వింటే నవ్వుతారు. మాది కోడుమూరు దగ్గర మెట్ట పల్లె. బోర్లు ఎండిపోయి, భూమి అమ్మి లారీ కొని ఇటు రాకముందు, ఆ పల్లెలో రాత్రి బడిలో నేను అక్షరాలు దిద్దాను. అప్పటికే నా పిల్లలు బడి దాటిపోయారు. కొడవలి పట్టిన వేళ్ళు బలపం పట్టుకుంటే వణికేవి. ఆ బడిలో కూర్చున్న ఆడవాళ్ళమే తర్వాత సారాయి కొట్టు ముందర కూర్చున్నాం, అరిచాం, కుండలు పగలగొట్టాం. మా ఊర్లో ముసలివాళ్ళు ఆడామగా తేడా లేకుండా ఈత కల్లు తాగేవాళ్ళు కాబట్టి, ముందు మనం ఒట్టు పెట్టుకుంటేనే మగవాళ్ళను అడగగలం అంది పంతులమ్మ. పసుపు ముట్టుకొని, నా నోట చుక్క పడనివ్వనని ఒట్టు పెట్టాను. ఆ ఒట్టు ఈ రోజుకూ దాటలేదు. సారాయి పోయింది, బ్రాందీ వచ్చింది. ఒట్టు పెట్టిన అవే చేతులతో నేను బ్రాందీ కలపడానికి కూర్చున్నాను.

మొదట కలిపింది నన్నారి, సుగంధి వేళ్ళ పానకం. బజార్లో షర్బత్తు బండి ఆయన గ్లాసులో నన్నారి పోసి, నిమ్మకాయ పిండి, గోలీ సోడా కొట్టి పోస్తుంటే నురగ అంచు దాకా పొంగడం చూస్తూ నిలబడ్డాను. ఇందులో బ్రాందీ పడితే ఏమవుతుంది? నన్నారి సీసా ఒకటి, సోడాలు రెండు ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆయన బీరువా వెనక పెట్టుకున్న బ్రాందీ తీసి వాసన చూస్తూ పోశాను. నాకు వాసనే కొలత. ముక్కుకు ఘాటు తగిలీ తగలనట్టు ఉంటే సరిపోయిందని లెక్క. కలపడమైతే కలిపాను. మరి రుచి చూసేదెవరు?

వసారాలో మంచం మీద మా అత్త ఉంది. పళ్ళు లేవు, చూపు సగమే. నాలుక మాత్రం ఇంకా పడుచుది. కూరలో ఉప్పు ఒక రవ్వ తగ్గినా వసారాలో నుంచి అరిచేది.

"అత్తా, ఇది కొంచెం తాగి చెప్పు."

"ఏందిమే ఇది?"

"నన్నారి."

ఒక గుక్క తీసుకొని, మింగకుండా నోట్లోనే అటూ ఇటూ తిప్పింది. ముడతల ముఖం ఒకసారి ముడుచుకొని మళ్ళీ విచ్చుకుంది.

"నన్నారికి ఇంత పొగరు యాడిది?"

"కొంచెం మందు పడిండాది."

"అట్ల చెప్పు. మందు ఎక్కువాయ, పులుపు తక్కువాయ. ఇంగో సగం చెక్క పిండు. ఉప్పు రవ్వంత వెయ్యి. నీళ్ళ మీద నీళ్ళు పోసి చెడగొట్టాకు." ఆ గ్లాసు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

సాయంత్రం మా ఆయన తాళంచెవి వేలికి తిప్పుకుంటూ బయలుదేరబోతుంటే, ఆ గ్లాసు చేతికిచ్చాను. నిలబడే తాగాడు. గ్లాసు వైపు చూశాడు. "ఇంగొకటి కలుపు" అని అరుగు మీద కూర్చున్నాడు. ఆ పూట జీపు కదల్లేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టింది. పొద్దున లేవగానే మళ్ళీ గుబులు. ఈరోజు ఏమి కలపాలి?

అప్పటి నుంచి నా ఏడాదంతా పండ్ల వెంబడి పరుగే. ఉగాదికి బక్షాలు చేసినప్పుడు శనగబేళ్ళు ఉడికించి వార్చిన కట్టు మామూలుగా చారుకు వాడతాం. దాంట్లో బెల్లం కరిగించి, ఏలక్కాయ, కొంచెం జాజికాయ నూరి వేసి, చల్లారాక బ్రాందీ పోశాను. "ఇది చారా, పాయసమా, మందా? ఏదో ఒకటి తేల్చుకోనీ" అని మా ఆయన తలకాయ గోక్కున్నాడు. కానీ గ్లాసు ఖాళీ చేశాడు. ఎండలు ముదిరాక కర్బూజ. గుజ్జు మెత్తగా చిదిమి, బెల్లం పొడి కలిపి, ఐసు ముక్కలేసి, పైన బ్రాందీ. మామిడి కాలంలో బేనీషా. దానికి ఏమీ అక్కర్లేదు, పండే సగం పని చేసింది. వానలు పడగానే నేరేడు. ఉప్పు వేసి పిసికి, గింజలు తీసి, గుడ్డలో వడగడితే రంగు చూడ్డానికే బాగుండేది. ఆ కాలంలో మా ఇంట్లో ఎవరెవరు తాగారో మరుసటి రోజు బజారంతా తెలిసిపోయేది, నాలుకలు చూసి.

అవును, అప్పటికి తాగేది మా ఆయన ఒక్కడే కాదు. జతగాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు. ముఖ్యంగా ఇద్దరు. ఒకాయన సిమెంటు ఏజెంటు, లావుపాటి మనిషి, నవ్వితే కుర్చీ కిర్రుమనేది. ఇంకొకాయన మా పక్కింటాయన, లారీలకు టైర్లు బాగుచేసే షాపు ఉండేది. "వదినా, ఈరోజు ఏం పండు?" అని గేటు దగ్గరే అరిచేవాళ్ళు. పక్కింటాయన పెండ్లాం గోడ మీద నుంచి తొంగిచూసి, "అక్కా, మీ ఇంట్లో ఉంటే నాకు దిగులు లేదు. కేకేస్తే పలుకుతాడు" అనేది.

ధాబా పూర్తిగా మానారని కాదు. వారంలో ఒకటి రెండు సాయంత్రాలు జీపు పోనే పోయేది. ఆ సాయంత్రాలు నేను వాకిట్లోనే ఉండేదాన్ని. మా జీపు సైలెన్సరు చప్పుడు, వీధి మలుపులో గేరు మార్చేటప్పుడు అది దగ్గే దగ్గు, నాకు దూరం నుంచే తెలుసు. అది వినపడేదాకా కూర్చోలేను, నిలబడలేను. ఒక పండు కాలం అయిపోవస్తుంటే నాకు ఊపిరాడేది కాదు. బండ్ల మీద నేరేడు పండ్లు చిన్నవై, ఎండి, ముడుచుకుపోతుంటే, ఇంకేముంది, ఇంక పోతాడు అనిపించేది. బజారుకు పోతే కూరగాయలు చూసేదాన్ని కాదు, ఎవరి గంపలో కొత్త పండు దిగిందా అని చూసేదాన్ని.

సీతాఫలం కాలంలో ఒక పొరపాటు జరిగింది. సీతాఫలం గుజ్జు, మరిగించిన పాలు, చక్కెర కలిపి బాసుంది మాదిరి చేసి, దాంట్లో బ్రాందీ పోశాను. పులుపు లేకుండా మరీ ముద్దగా ఉంటుందేమోనని, ఇంట్లో ఉన్న చీనీకాయ, బత్తాయంటారే అది, ఒకటి కోసి పిండాను. పాలు ఇంకా వేడిగా ఉన్నాయి. చూస్తుండగానే విరిగిపోయాయి. పైన తెల్లటి ముక్కలు, కింద పచ్చటి నీళ్ళు. బర్రె కుడితిలో పోద్దామని ఎత్తుకుపోతుంటే మా అత్త మంచం మీద నుంచే పట్టుకుంది.

"యాడికి తీసకపోతాండావు?"

"విరిగిపోయిండాది అత్తా."

"విరిగితే ఏమాయ? జున్ను విరగదా? వడగట్టు. పాలు విరిగినా మందు విరగదు కదా."

పలుచని గుడ్డలో పోసి వేలాడదీశాను. కింద గిన్నెలోకి చుక్కలు చుక్కలుగా కారింది కొంచెం మబ్బుగా ఉంది. అత్త అడుగు దాకా తాగి మూతి తుడుచుకుంది.

"ఘాటు యాడికి పోయిందే?" అంది. "గొంతులో దిగినట్టే తెలీల్యా. పాలకోవ మింగినట్టుండాది."

ఘాటంతా ఆ విరుగుడు ముక్కలు పీల్చుకున్నాయని నాకు అప్పుడు తోచింది. మందు మందుగానే ఉంది, పొగరు పోయింది. దీన్ని ఇంకా బాగా చేయాలి అనుకున్నాను. అంతలోనే కార్తీకం వచ్చింది. మా ఆయన, ఆ ఇద్దరు జతగాళ్ళు కలిసి మాల వేసుకున్నారు. "ఇంట్లో ఉన్న మందంతా పారబొయ్యి మాతా" అన్నాడు మా ఆయన. పారబోయలేదు. ఇంటి గడప దాటించి, బర్రెల కొట్టంలో తవుడు డబ్బాలో దాచాను. నా మనసులో అప్పటికే మాల తీసే రోజు తిరుగుతోంది. ఆ రోజు వాళ్ళ నోట ధాబా మాట రాకముందే వాళ్ళ చేతిలో గ్లాసు ఉండాలి. ఎప్పుడూ తాగనిది ఉండాలి. పాలు విరిచిన ఆ తేట ఉండాలి.

వాళ్ళు కొండ నుంచి రేపు వస్తారనగా పని మొదలుపెట్టాను. మాల వేసుకున్న మనిషి ఇంకా తిరిగిరాని ఇంట్లో పొయ్యి మీద ఇలాంటిది చేయకూడదు కాబట్టి, కొట్టంలోనే మూడు రాళ్ళ పొయ్యి పెట్టాను. బర్రె నా వైపే చూస్తూ నెమరు వేస్తోంది. దాని పాలే. పాలు సగానికి మరిగించి, కలకండ, ఏలక్కాయ వేశాను. ఇంకొక గిన్నెలో చీనీకాయల రసం, బ్రాందీ కలిపి, దాని మీద పాలు పోశాను. నేను అనుకున్నట్టే విరిగింది. గుడ్డలో వేలాడదీస్తే మొదట కారింది మబ్బుగా ఉంది. దాన్నే తీసి మళ్ళీ ఆ విరుగుడు మీద పోశాను. ఈసారి కారింది బావి నీళ్ళలా తేటగా ఉంది. గ్లాసు వెనక వేలు పెడితే వేలి గీతలు కనపడుతున్నాయి.

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన లేదు. ఏలక్కాయ, పాలు, చీనీ తొక్క. బ్రాందీ ఆనవాలే లేదు.

చెంబులో కొంచెం పోసి అత్త దగ్గరికి తీసుకుపోయాను. రెండు చేతులూ అడ్డం పెట్టింది. "నా కొడుకు మెడలో మాల తీయాల్సింది ఈ చేతులే. తీసేదాక నా నోట పొయ్యను. దూరం తీసకపో" అంది. రుచి చెప్పే నాలుక లేదు, నా కొలతకు వాసన లేదు. ఇంత తేటగా ఉంటే వాళ్ళు నవ్వుతారు, నీళ్ళు పోశావని లేచిపోతారు. కొట్టానికి తిరిగిపోయి తవుడు డబ్బాలో మిగిలిన సీసా తీసి మళ్ళీ పోశాను. మళ్ళీ విరుగుడు మీద వడగట్టాను. అప్పటికీ వాసన రాలేదు. ఇంకొంచెం పోశాను. తర్వాత తలారా స్నానం చేసి ఇంట్లోకి వచ్చాను.

మరుసటి రోజు మధ్యాహ్నానికి వచ్చారు. మా అత్త కొడుకు కాళ్ళు కడిగి, మెడలో మాల తీసి కళ్ళకద్దుకుంది. కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. మా ఆయన ఆమె కాళ్ళకు మొక్కాడు. ఆ క్షణంలో ఆ మనిషి ముఖం ఎంత బాగుందో. ఇట్లాగే ఉండిపోతే ఏం పోయింది అనిపించింది. నాటుకోడి పులుసు, సంగటి వడ్డించాను. ఆయన చేయి కడుక్కుంటుండగానే గేటు చప్పుడైంది. సిమెంటు ఏజెంటు, పక్కింటాయన. ఇద్దరి మెడలూ ఖాళీ. ఇద్దరి కళ్ళూ జీపు మీద.

కూర్చోండి అనకముందే గ్లాసులు అందించాను.

"ఏం వదినా, కొండ నుంచి వచ్చినోళ్ళకు నీళ్ళిస్తాండావు?" అన్నాడు ఏజెంటు.

"తాగి చెప్పప్పా."

తాగాడు. కళ్ళు పెద్దవి చేశాడు. "ఓయబ్బా! పాలకోవ నీళ్ళయిపోయిందే. చీనీకాయ యాడుండాదో గానీ వెనక నుంచి గిచ్చుతాండాది." గ్లాసు చాపాడు. పక్కింటాయన కూడా చాపాడు. నేను పోస్తున్నాను. వసారాలో నుంచి మా అత్త కేక. "నన్ను మరిస్తివా? నిన్నటి నుంచి నోరు కట్టుకోనుండా." ఆమె మంచం పక్కన చెంబు నిండా పెట్టి వచ్చాను.

మా ఆయన రెండు గ్లాసులు తాగాడు. మూతి తుడుచుకున్నాడు. "బాగుండాది, కాదనను. అసలు దీంట్లో మందుండాదా? ఇది పిల్లోళ్ళ పాలు మాదిరి ఉండాది. గొంతు కాలల్ల, అప్పుడు గదా తాగినట్టు." లేచి నిలబడ్డాడు. చిలక్కొయ్యకు ఉన్న తాళంచెవి తీసుకున్నాడు. "పదండ్రా. పొద్దుండంగానే పోయొద్దాం."

సంవత్సరమంతా పండ్లు పిసికిన చేతులు రెండూ చీర చెంగులో చుట్టుకొని నిలబడ్డాను. అడ్డం పోతే, నలుగురి ముందర మాట తూలుతాడు. పోకపోతే, పోతాడు. పక్కింటి గోడ మీద ఆమె తల కనపడింది. ఆమె ముఖమూ నా ముఖం మాదిరే ఉంది.

ముగ్గురూ వాకిట్లోకి నడిచారు. నడిచి ఆగిపోయారు.

జీపు ముందు సీట్లో మా అత్త కూర్చొని ఉంది. వసారాలో నుంచి ఎప్పుడు దిగిందో, చూపు ఆననిది అక్కడిదాకా ఎట్లా నడిచిందో నాకు తెలియదు. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ పైకి దోపుకొని, ముందరి ఇనుప కడ్డీ రెండు చేతులతో పట్టుకొని ఉంది. ఒళ్ళో ఖాళీ చెంబు.

"ఏందిమ్మా ఇది? దిగు" అన్నాడు మా ఆయన.

"దిగను. ధాబాకు పోతాండాం గదా."

"నువ్వు యాడికి? ఆడికి ఆడోళ్ళు రారు."

"నేనింగా ఆడదాన్నేందిరా? ముసలిదాన్ని."

ఏజెంటు పగలబడి నవ్వాడు. "పెద్దమ్మా, నీకు కూడా ఒక చికెన్ చెప్పిచ్చాం, ఎముకలు లేకుండా!"

"నువ్వు గమ్మునుండు బొజ్జోడా. నీ పొట్ట పడితే నాకు తావుండదు, వెనక కూచో" అంది అత్త. తర్వాత కొడుకు వైపు తిరిగింది. మాట ముద్దగా వస్తోంది, కానీ ఆగలేదు. "మీ నాయన బతికినన్నాళ్ళు నన్ను ఇడిసిపెట్టి ఒక్కనాడు కల్లంగడికి పోల్యా. ఇద్దరమూ పోతాంటిమి. ఒకటే ముంత. వచ్చేటప్పుడు ఆయప్ప తూలితే నేను పట్టుకుంటాంటి, నేను తూలితే ఆయప్ప పట్టుకుంటాండె. తాగేదానికి పోతే పట్టుకునే మనిషి ఒకరుండల్లరా. నీకు యెవురుండారు? ఉన్నోడు పోయినేడు పాయ. ఈతూరి నేను పట్టుకుంటా. ఎక్కు. తోలు."

ఏజెంటు నవ్వు సగంలో ఆగిపోయింది. పక్కింటాయన నేల వైపు చూశాడు. వీధిలో ఇద్దరు ముగ్గురు నిలబడి చూస్తున్నారు.

"నువ్వన్నా చెప్పు మే" అన్నాడు మా ఆయన నాతో.

"నేనేం చెప్పల్ల? వెనక సీట్లో నాకు తావుందా చూడు" అన్నాను. ఆ మాట నా నోట్లో నుంచి ఎట్లా వచ్చిందో.

తల్లి చేయి పట్టుకొని లాగబోయాడు. ఆమె కడ్డీ వదల్లేదు. గట్టిగా లాగితే ఎక్కడ విరుగుతుందోనని వదిలేశాడు. కోపంతో అటు తిరిగివచ్చి తోలేవైపు ఎక్కి కూర్చున్నాడు. తీసుకుపోయి బస్టాండు దాకా తిప్పుకొస్తే ముసలిదానికి తిక్క కుదురుతుంది అనుకున్నాడేమో. తాళంచెవి పెట్టబోయాడు. సందులో పడలేదు. మళ్ళీ పెట్టాడు. పక్కకు పోయింది. వంగి, ఒక కన్ను మూసి చూసి పెట్టాడు. అప్పుడూ పడలేదు.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఏజెంటు గొంతు. "వదినా, ఏం కలిపినావు మాతల్లీ? నా మోకాళ్ళు యాడికో పోయినాయి." అరుగు పట్టుకొని మెల్లగా నేల మీదికి జారాడు. పక్కింటాయన అప్పటికే గోడకు ఆనుకొని ఉన్నాడు.

వాసన లేదని నేను పోసిందంతా ఇప్పుడు ఒక్కసారిగా లేచింది. ఇదే తాగి, కాళ్ళు బాగున్నాయనుకొని, ఈ ముగ్గురూ బూడిద లారీల మధ్యకు పోయి ఉంటే? ముందరి సీటు ఖాళీగా ఉండి ఉంటే? నేను ఇంట్లో ఉంచడానికి చేసిందే వాళ్ళను మోరీ దగ్గరికి తీసుకుపోయి ఉండేది.

మా ఆయన తాళంచెవి అరచేతిలో పెట్టుకొని చూస్తున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. పోయిన ఏడు ఆసుపత్రిలో కూడా ఆయన ముఖంలో నేను భయం చూడలేదు. అప్పుడు చూశాను. తాళంచెవి జేబులో వేసుకొని, స్టీరింగు మీద చేతులు పెట్టి, చేతుల మీద తల పెట్టుకున్నాడు. కొంచెంసేపటికి అత్త తల ఒరిగి ఆయన బుజం మీద పడింది, అతుకు పెట్టించిన బుజం మీదే. నొప్పి పుట్టి ఉంటుంది. కదల్లేదు.

పక్కింటామె వచ్చి మొగుణ్ణి నడిపించుకుపోయింది. పోతూ నా చేయి గట్టిగా నొక్కింది. ఏజెంటు అరుగు పక్కనే గురక పెట్టాడు. నేను మజ్జిగ చేశాను, ఎవరూ తాగలేదు. గేటు దాకా పోయాను, వచ్చాను. దీపాలు పెట్టే వేళకు అత్త కళ్ళు తెరిచింది.

"వచ్చిందిరా ధాబా?"

"వచ్చిందిమా. దిగు" అన్నాడు మా ఆయన. దిగి, అటు వచ్చి, చంటిపిల్లను ఎత్తినట్టు ఆమెను ఎత్తుకున్నాడు. కాళ్ళు కొంచెం తడబడ్డాయి. నేను పక్కన చేయి వేశాను. వసారాలో మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పాడు.

ఇంక అయిపోయింది, ఇంక పోడు, అనుకున్నాను. మంచం పక్కన నిలబడి, నా వైపు చూడకుండా అన్నాడు, "ఈరోజంటే మాయమ్మ. ఆదివారం పోతా. జతగాళ్ళకు మాటిచ్చినా. అప్పుడు ఎవురూ బండెక్కాకండి."

నేను అరుగు మీది గ్లాసులు ఏరుకొని లోపలికి పోయాను.

తెల్లారి బజారుకు పోతే చీనీకాయలు అయిపోవచ్చాయి. ఉన్నవి తొక్క ఎండి తేలికైపోయాయి. ఇంటికి రాకుండా అటునుంచటే రైలు పట్టాలు దాటి, నాపరాళ్ళ గనుల వెనక ఉన్న బీడు భూమిలోకి నడిచాను. ఆ చలికాలం ఎండలో రేగిచెట్లు ఎర్రగా కాసి ఉన్నాయి. రేగిపండులో గింజ పెద్దది, గుజ్జు తక్కువ. దాంతో ఏమవుతుందో, అసలు ఏమైనా అవుతుందో నాకు తెలియదు. ముండ్లు చేతులకు గీసుకుంటున్నా, ఆదివారానికి ఎన్ని కావాలో అంతు తెలియక, సంచి నిండిన తర్వాత కూడా కొంగు పట్టి ఏరుతూనే ఉన్నాను.